చెల్లని వెండి, చెల్లే నికెల్

(జూరిచ్‌లో ఒక ఆదివారం తెలుగువాళ్ళ కలయికలో, భోజనాల తర్వాత చేసిన ప్రసంగం. మాట్లాడినదాన్ని రాతలోకి దించినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినబడుతోందా? సరే. పులిహోర, పెరుగన్నం తిన్నాక నాణేల మీద ప్రసంగం అంటే సగంమంది కునుకు తీస్తారని నాకు తెలుసు. అందుకే రెండు నాణేలు చేతిలో పట్టుకొచ్చాను. ఇవి మొదటి వరుస నుంచి వెనక్కి చేతులు మారుతూ వెళ్తాయి. దయచేసి నాకు తిరిగి ఇవ్వండి. పోయినసారి ఒకటి తగ్గింది. (నవ్వులు)

మొదటిది స్విట్జర్లాండ్ 2 ఫ్రాంకుల నాణెం, 1963 నాటిది. రెండోది 10 రాపెన్, 1921 నాటిది; రాపెన్ అంటే ఫ్రాంక్‌లో నూరో వంతు, మన పైసాలాగ. ఈ రెండూ మా మేడ మీద ఉండే పెద్దావిడ నాకిచ్చిన బిస్కెట్ డబ్బాలోవి. ఆవిడ వృద్ధాశ్రమానికి మారుతూ, సామాను ఖాళీ చేస్తూ, "నీకు పాత చిల్లర ఇష్టం కదా" అని చేతిలో పెట్టింది. డబ్బా బరువుకి నా చెయ్యి కిందికి దిగింది. మూత తీస్తే తుప్పు వాసన, కింద ఎప్పటిదో న్యూస్‌పేపర్ ముక్క, దాని మీద రకరకాల చిల్లర.

ఆ మర్నాడు పొద్దున బేకరీకి వెళ్ళి, సరదాకి ఈ రెండూ ఇచ్చి రొట్టె కొందామనుకున్నాను. కౌంటర్లో ఉన్నావిడకి అరవై ఏళ్ళు ఉంటాయి. 10 రాపెన్ తీసి గల్లాలో వేసేసింది, చూడను కూడా చూడలేదు. 2 ఫ్రాంకులది గాజు బల్ల మీద పెట్టగానే ఆగిపోయింది. పెట్టినప్పుడు వచ్చిన శబ్దానికి ఆగింది. మన ఇంట్లో పెద్దవాళ్ళు వెండి గిన్నె మోగితే గుర్తుపట్టినట్టు. నాణెం తిప్పి ఏడాది చూసి, నవ్వి, నా వైపు జరిపింది. "ఇది డబ్బు కాదండీ, ఇది వెండి" అంది. ఆ గల్లాలోకి వెళ్ళిన 10 రాపెన్‌ని వేరే నాణెం ఇచ్చి వెనక్కి తీసుకున్నాను. అదే ఇది.

ఆ మాట నా బుర్రలో ఇంకా తిరుగుతూనే ఉంది. 2 ఫ్రాంకుల నాణెంలో 8 గ్రాములకు పైగా వెండి ఉంది, కానీ చెల్లదు. 10 రాపెన్‌లో రాగి, నికెల్ తప్ప ఏమీ లేదు, నూరేళ్ళు దాటినా చెల్లుతుంది. మన వైపు పనికిరానివాణ్ణి "చెల్లని కాసు" అంటాం. ఇక్కడ చెల్లని కాసుకే ఎక్కువ ధర. ఇది ఎలా జరిగిందో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాను.

1848కి ముందు ఈ దేశానికి ఒక డబ్బు లేదు. ఒక్కో కాంటన్, అంటే ఇక్కడి రాష్ట్రం, తన సొంత నాణేలు కొట్టుకునేది. బాట్సెన్, క్రాయిట్సర్, షిల్లింగ్, రాపెన్ ఇలా ఎన్నో పేర్లు. వాటితోపాటు పక్క దేశాల నాణేలు. జూరిచ్ నుంచి జెనీవా వెళ్ళే వ్యాపారి దారిలో ఎన్నిసార్లు లెక్క మార్చుకోవాలో ఊహించండి. 1848 రాజ్యాంగం నాణేలు కొట్టే హక్కు కేంద్రానికి ఇచ్చింది. అక్కడ గొడవ మొదలైంది. తూర్పు కాంటన్లు దక్షిణ జర్మనీ గుల్డెన్ కావాలన్నాయి, ఎందుకంటే వాళ్ళ వ్యాపారం అటువైపు. బెర్న్, పడమటి కాంటన్లు ఫ్రెంచి ఫ్రాంక్ కావాలన్నాయి. బాజెల్ బ్యాంకరు యోహాన్ యాకోబ్ స్పైజర్ తయారు చేసిన నివేదిక ఫ్రాంక్ వైపు మొగ్గింది. 1850 మే 7న చట్టం వచ్చింది. ఒక ఫ్రాంక్ అంటే 5 గ్రాముల నాణెం, అందులో వెయ్యికి 900 పాళ్ళు వెండి. అంటే నాలుగున్నర గ్రాముల అసలు వెండి. ఫ్రెంచి ఫ్రాంక్‌కి సరిగ్గా సమానం.

చట్టమైతే వచ్చింది, కొట్టడానికి టంకశాల సరిపోలేదు. మొదటి వెండి నాణేలు పారిస్‌లో కొట్టించారు. 1850 నాటి నాణెం మీ చేతికి దొరికితే అడుగున చిన్న "ఎ" అనే అక్షరం ఉంటుంది, అది పారిస్ గుర్తు. చిన్న చిల్లర స్ట్రాస్‌బుర్గ్‌లో కొట్టారు, దానికి రెండు "బి"లు. నాణెం మీద కూర్చున్న హెల్వేషియా, అంటే మన భరతమాతలాగ ఈ దేశానికి గుర్తైన స్త్రీ, ఆ బొమ్మ చెక్కినవాడు ఆంటోయిన్ బోవీ, జెనీవాలో పుట్టినవాడే. ఆల్ప్స్ వైపు చెయ్యి చాపి కూర్చుని ఉంటుంది ఆవిడ. దేశం ఏర్పడి రెండేళ్ళయినా కాలేదు, అయినా నాణెం మీద వందేళ్ళుగా కూర్చున్నట్టు ధీమాగా ఉంటుంది.

చిల్లరలో ఒక విచిత్రం ఉంది. 5, 10, 20 రాపెన్లలో కాస్త వెండి కలిపారు. 5 రాపెన్‌లో నూటికి 5 పాళ్ళు, 10లో 10, 20లో 15. మిగతాది రాగి, జింకు, నికెల్. దీన్ని బిల్లాన్ అంటారు. పెళ్ళి భోజనంలో పప్పులో నెయ్యి చుక్క వేసి "నేతి భోజనం" అన్నట్టు. (నవ్వులు) కాస్త అరిగేసరికి మురికిగా తయారయ్యేవి. 1 రాపెన్, 2 రాపెన్ కంచువి, వాటి జోలికి వెళ్ళను.

ఇప్పుడు అసలు సంగతి. నాణెం విలువ లోహంలోనే ఉందని చట్టం చెప్పినప్పుడు, లోహం ధర కదిలితే నాణెం కూడా కదులుతుంది. చట్టం వచ్చేటప్పటికే కాలిఫోర్నియాలో బంగారం పడింది, వెంటనే ఆస్ట్రేలియాలోనూ. బంగారం కుప్పలుగా వచ్చేసరికి దాంతో పోలిస్తే వెండికి గిరాకీ పెరిగింది. తెలివైనవాళ్ళు ఏం చేస్తారు? బంగారు నాణేలు తెచ్చి ఇచ్చి, వెండి నాణేలు తీసుకుపోయి కరిగిస్తారు. పదేళ్ళు తిరక్కముందే కొత్త ఫ్రాంకులు సరిహద్దు దాటడం మొదలుపెట్టాయి. 1860లో స్విస్ ప్రభుత్వం వెండి తగ్గించింది. 1, 2 ఫ్రాంకుల నాణేల్లో 900 కాస్తా 800 అయింది. దాంతో పక్క దేశాలవాళ్ళు మా దగ్గర తక్కువ వన్నె నాణెం ఎందుకు తీసుకోవాలని గోల పెట్టారు. 1865లో ఫ్రాన్స్, బెల్జియం, ఇటలీ, స్విట్జర్లాండ్ కూర్చుని ఒప్పందం చేసుకున్నాయి, దాన్నే లాటిన్ ద్రవ్య సంఘం అంటారు. గ్రీస్ తర్వాత చేరింది. 5 ఫ్రాంకులది 900గానే ఉండాలి, దానికన్నా చిన్నవి 835 అని తేల్చారు.

ఈ 835 అంకె గుర్తుపెట్టుకోండి. ఇవాళ్టికి మీకు ఇది ఒక్కటి గుర్తుంటే చాలు. 1874, 75 నుంచి 1967 దాకా వచ్చిన అర, ఒకటి, రెండు ఫ్రాంకుల నాణేలన్నీ 835 వెండే. బొమ్మ కూడా అప్పుడే మారింది. హెల్వేషియా లేచి నిలబడింది, చేతిలో ఈటె, డాలు, చుట్టూ 22 నక్షత్రాలు. 22 ఎందుకంటే అప్పటి లెక్కలో 22 కాంటన్లు. 1979లో జురా కొత్త కాంటన్ అయింది. నాణెం మీద ఇరవై మూడో నక్షత్రం మాత్రం 1983లో వెలిగింది. మీ జేబులో ఉన్న ఫ్రాంక్ తీసి లెక్కపెట్టి చూడండి. (సభలో కదలిక) ఇప్పుడు ఎవరూ నిద్రపోవట్లేదు, సంతోషం.

అదే సమయంలో చిల్లర సంగతి తేల్చారు. బిల్లాన్ ఆపేసి, 1879లో 5, 10 రాపెన్లని రాగి మూడు పాళ్ళు, నికెల్ ఒక పాలు కలిపి కొట్టారు. 1881లో 20 రాపెన్‌ని పూర్తిగా నికెల్‌తో కొట్టారు. ఆధునిక కాలంలో అచ్చంగా నికెల్‌తో చెలామణి నాణెం కొట్టిన మొదటి దేశం ఇదే. 10 రాపెన్ మీద ఉన్న స్త్రీ ముఖం, దాని వెనక ఉన్న ఆకుల దండ, కొలత, ఏవీ అప్పటినుంచి మారలేదు. 3 గ్రాముల బరువు, 19 మిల్లీమీటర్లకు కాస్త పైన వెడల్పు. 1879 నాటిది దొరికినా ఇవాళ కొట్లో చెల్లుతుంది. ఇంకా వాడుకలో ఉన్న నాణేల్లో అతి పాతదని దీనికి గిన్నిస్ వాళ్ళు రికార్డు ఇచ్చారు. మధ్యలో ఒకటి రెండు తేడాలున్నాయి. 1918, 19లో యుద్ధం వల్ల ఇత్తడితో కొట్టారు, 1932 నుంచి 39 దాకా నికెల్‌తో. వాటిని పక్కన పెడితే రాగి-నికెల్ 10 రాపెన్ మన తాతల నాటి నుంచి మన పిల్లల దాకా అదే.

ఎందుకు నిలిచిందంటారు? దాన్ని కరిగిస్తే ఎవరికీ లాభం లేదు, అంతే. దొంగకి అక్కర్లేని ఇల్లు ఎప్పుడూ భద్రం.

ఈ దేశం నాణేల్లో నాకు బాగా నచ్చే తిక్క ఒకటుంది. మీ జేబులోంచి అర ఫ్రాంక్, 10 రాపెన్ తీయండి. అర ఫ్రాంక్ అంటే 50 రాపెన్, కానీ 10 రాపెన్ కన్నా చిన్నగా ఉంటుంది. కొత్తగా వచ్చినప్పుడు నేను ట్రామ్ టికెట్ మెషిన్ ముందు నిలబడి ఎన్నిసార్లు తడబడ్డానో. దీనికి కారణం ఆనాటి వెండే. అర ఫ్రాంక్ అంటే రెండున్నర గ్రాముల వెండి నాణెం, కాబట్టి అంతే ఉండాలి. 10 రాపెన్ చవక లోహం, కాబట్టి పెద్దగా ఉన్నా పర్వాలేదు. వెండి పోయి యాభై ఏళ్ళు దాటింది, కొలత మాత్రం అలాగే ఉండిపోయింది. తాతగారు పోయినా ఆయన కొలతకి కుట్టిన చొక్కానే మనవడు వేసుకున్నట్టు.

ఇప్పుడు 5 ఫ్రాంకులు. ఇక్కడివాళ్ళు "ఫ్యూన్ఫ్‌లీబర్" అంటారు. 1928 దాకా ఇది 25 గ్రాముల పెద్ద నాణెం, 37 మిల్లీమీటర్లు, 900 వెండి. అంటే 22.5 గ్రాముల వెండి. 1922లో దీని మీదకి పౌల్ బుర్‌కార్ట్ గీసిన గొర్రెల కాపరి తల వచ్చింది. అందరూ అతన్ని ఇక్కడి జానపద వీరుడు విలియం టెల్ అంటారు. కాదు, అతను ఆల్ప్స్ కొండల్లో పశువులు కాచుకునే మనిషి. టెల్ అని మీరు అన్నా ఎవరూ కొట్టరు లెండి, స్విస్‌వాళ్ళే అంటారు. 1931లో నాణెం చిన్నదైంది. 15 గ్రాములు, 31 మిల్లీమీటర్లు, 835. అంచు మీద లాటిన్‌లో "దోమినుస్ ప్రోవిదేబిత్" అని ఉంటుంది, దేవుడే చూసుకుంటాడని.

ఇక్కడ కాస్త లెక్క చేద్దాం, పిల్లలు కూడా చెప్పొచ్చు. 1 ఫ్రాంక్ నాణెం 5 గ్రాములు, 835. ఎంత వెండి? ... నాలుగు పాయింట్ ఒకటి ఏడు అయిదు, భేష్. అలాంటివి అయిదు పెడితే దాదాపు 20.9 గ్రాముల వెండి. 1931 తర్వాతి 5 ఫ్రాంకుల నాణెంలో? 15 గ్రాములు, 835. 12.5 గ్రాములు. అంటే అయిదు ఒకట్లకి, ఒక అయిదుకి మధ్య 8 గ్రాములకు పైగా తేడా! కొట్లో రెండూ సమానమే. కరిగిస్తే కాదు.

1960ల్లో ఈ లెక్క ఎంత పని చేసిందో చూడండి. అప్పుడు డాలరుకి సుమారు 4 ఫ్రాంకుల 30 రాపెన్లు. ఆ లెక్కన వెండి ఔన్సు సుమారు 1 డాలరు 73 సెంట్లు దాటితే 1 ఫ్రాంక్ నాణెంలోని వెండి ఫ్రాంక్ కన్నా ఎక్కువ విలువవుతుంది. 5 ఫ్రాంకుల దానికి ఆ గీత 2 డాలర్ల 89 సెంట్ల దగ్గర పడుతుంది. 1967లో అమెరికా ఖజానా ఔన్సు 1 డాలరు 29 సెంట్లకి వెండి అమ్మడం ఆపేసింది. 1968లో ధర 2 డాలర్లు దాటిపోయింది. మళ్ళీ 1850ల కథే. జనం వెండి దాచుకున్నారు, సంచుల్లో సరిహద్దు దాటించారు, గల్లాల్లో చిల్లర కరువైంది. అందుకే 1968 నుంచి అర, ఒకటి, రెండు ఫ్రాంకులు రాగి-నికెల్‌లోకి వెళ్ళాయి. హడావుడి ఎంతంటే బెర్న్ టంకశాలకి తోడు లండన్‌లో కూడా కొట్టించారు. 5 ఫ్రాంకులది 1968లో రాగి-నికెల్‌లో వచ్చి, 1969లో మళ్ళీ వెండిలో వచ్చి, ఆ తర్వాత పూర్తిగా మారిపోయింది. దాని గీత ఎత్తులో ఉంది కాబట్టి ఊపిరి పీల్చుకునే వ్యవధి దొరికిందని నా సొంత అంచనా. 1971 ఏప్రిల్ 1న వెండి నాణేలకి చెల్లుబాటు పోయింది. బేకరీ ఆవిడ చెప్పిన మాట ఆ రోజునుంచి చట్టం.

మన దగ్గరా ఇదే జరిగింది. 11.66 గ్రాముల రూపాయి బిళ్ళలో 1940 దాకా నూటికి తొంభై పైన వెండి. తర్వాత సగం చేశారు, 1947లో నికెల్ చేశారు. మా అమ్మమ్మ జార్జి రూపాయిలు దేవుడి గూట్లో పెట్టుకునేది, కానీ కొట్టుకి పంపేటప్పుడు వేరేవి ఇచ్చేది. ఆవిడకి ఆర్థిక శాస్త్రం రాదు. మంచి డబ్బు దాచి చెడ్డ డబ్బు ఖర్చు పెట్టాలని మాత్రం బాగా తెలుసు.

సరే, మీ ఇంట్లో డబ్బా ఉంది అనుకోండి. ఏం చూడాలి?

ముందు ఏడాది. అర ఫ్రాంక్, అంతకు పైవి 1967 దాకా అయితే వెండి, 1968 నుంచి కాదు, 5 ఫ్రాంకులకి మాత్రం 1969 కూడా వెండి. ఏడాది అరిగిపోయి కనిపించకపోతే త్రాసు. వంటింట్లో వాడే చిన్న డిజిటల్ త్రాసు చాలు, పాయింటు తర్వాత ఒక అంకె చూపిస్తే చాలు. వెండి 1 ఫ్రాంక్ 5 గ్రాములు, రాగి-నికెల్‌ది 4.4. రెండు ఫ్రాంకులది 10కి 8.8. అయిదుది 15కి 13.2. కొలత ఒకటే, బరువే తేడా. అరిగిన వెండి కాస్త తగ్గుతుంది, అయినా నికెల్ దాకా దిగదు. మూడోది అయస్కాంతం. ఫ్రిజ్ మీద అంటించుకునే బొమ్మ వెనక ఉండేది చాలు. 1938 దాకా వచ్చిన 20 రాపెన్ అయస్కాంతానికి టక్కున అతుక్కుంటుంది, అది శుద్ధ నికెల్ కాబట్టి. 1939 నుంచి వచ్చింది అతుక్కోదు, రాగి కలిసింది. పిల్లలకి ఇది చూపించండి, గంటసేపు అల్లరి ఉండదు.

వెండిదని తేలాక ధర ఎలా కట్టాలి? ఆ రోజు వెండి గ్రాము ధరని 4.175తో గుణిస్తే ఒక ఫ్రాంక్ నాణెం లోహం విలువ. అరకి సగం, రెండుకి రెట్టింపు. చిన్న 5 ఫ్రాంకులకి 12.5. కొనేవాడు తరుగు తీస్తాడు, అది బెజవాడ గవర్నర్‌పేట అయినా జూరిచ్ అయినా ఒకటే. (నవ్వులు) మామూలు ఏళ్ళ నాణేలకి అంతకుమించి ఆశపడకండి. నెట్‌లో "అరుదైన స్విస్ నాణెం" అని పెట్టి వేలు చెప్పేవాళ్ళుంటారు. వాళ్ళు చెప్పే ధర అడిగే ధర, ఎవరో ఇచ్చిన ధర కాదు.

కొన్ని ఏళ్ళు మాత్రం వేరు. 1896 నాటి 5 ఫ్రాంకులు రెండు వేలే కొట్టారు, అది దొరికితే నాకు ఫోన్ చెయ్యండి, భోజనం పెడతాను. 1928 నాటిది సుమారు 24 వేలు, పెద్ద నాణేల్లో చివరిది. 1952 నాటి చిన్న 5 ఫ్రాంకులు లక్షా యాభై అయిదు వేలు. మిగతా ఏళ్ళతో పోలిస్తే అది చాలా తక్కువ, అందుకే సేకరించేవాళ్ళు దానికోసం కాచుకుని ఉంటారు. ఇవి కాక తుపాకీ పోటీల పండుగల కోసం కొట్టిన వెండి నాణేలు ఒక ప్రపంచం, వాటి జోలికి వెళ్తే సాయంత్రం టీ కూడా అయిపోతుంది.

ఇప్పుడు నా పరువు తీసుకునే కథ. కొన్నేళ్ళ కిందట ఒక పాత సామాన్ల సంతలో 1850 నాటి 5 ఫ్రాంకులు కొన్నాను. కూర్చున్న హెల్వేషియా, పారిస్‌లో కొట్టినది. నల్లగా ఉంది, అంచుల్లో నీలం, ఊదా రంగు మెరుపు. నాకు మురికిగా అనిపించింది. ఇంటికి తెచ్చి మా ఇంట్లో ఇత్తడి కుందులు తోమినట్టు చింతపండు, ఉప్పు వేసి తోమాను. కాసేపటికి అద్దంలా తయారైంది. ఫోటో తీసి బంధువులందరికీ పంపాను, అందరూ బొటనవేలు బొమ్మలు పెట్టారు. ఆ తర్వాత గర్వంగా ఒక నాణేల వ్యాపారి దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన భూతద్దంలో ఒక్క క్షణం చూశాడు. కౌంటర్ మీద రెండు వస్తువులున్నాయి, మంచి నాణేలు పెట్టే ముఖమల్ పళ్ళెం ఒకటి, త్రాసు ఒకటి. నా నాణేన్ని త్రాసు మీద పెట్టాడు. ఇంకేం అడగనక్కర్లేదు, అర్థమైపోయింది.

ఆ నలుపు మురికి కాదు. నూట డెబ్భై ఏళ్ళలో వెండి మీద తనంతట తాను పట్టిన పొర. నేను దాంతోపాటు నాణెం పై చర్మం కూడా తోమేశాను. భూతద్దంలో సన్నటి గీతలు, అన్నీ ఒకే వైపు, నా బొటనవేలు తిరిగిన దారిలో. ఆ నాణెం ఇంకా నా దగ్గరే ఉంది, తీసి చూసినప్పుడల్లా నోట్లో పులుపు తగులుతుంది. (నవ్వులు)

బంగారం గురించి చెప్పకపోతే వెనక వరుసలో ఆడవాళ్ళు ఊరుకోరు. 1883లో మొదటి 20 ఫ్రాంకుల బంగారు నాణెం వచ్చింది. 1897లో ఫ్రిట్జ్ లాండ్రీ అనే నూషాటెల్ కళాకారుడు కొత్త బొమ్మ చేశాడు. జడ వేసుకున్న యువతి, మెడ దగ్గర పూల దండ, వెనక కొండలు. జనం దానికి ఫ్రేనెలి అని ముద్దు పేరు పెట్టారు, వెరీనా అనే పేరుకి పిలుపు పేరు అది. మొదటి నమూనాలో నుదుటి మీద ఒక ముంగురు వేలాడుతూ ఉండేది. దేశానికి ప్రతినిధిగా ఉండే ఆవిడకి అలా జుట్టు వదిలేస్తే చులకనగా ఉంటుందని ప్రభుత్వం తీయించేసింది. ముంగురుతో కొట్టిన నమూనాలు పన్నెండే ఉన్నాయి. సంబంధం చూడటానికి వచ్చిన మేనత్త, పిల్ల జుట్టు సరిచేసినట్టు లేదూ?

ఫ్రేనెలి బరువు 6.45 గ్రాములు, 900 బంగారం, అంటే 5.806 గ్రాముల అసలు బంగారం. మీకు అర్థమయ్యేలా చెప్పాలంటే 21.6 క్యారెట్లు, మన 916 కన్నా ఒక పిసరు తక్కువ. మన వైపు కాసు అంటే 8 గ్రాములు, ఇంగ్లండు సవరను లెక్క. కాబట్టి ఫ్రేనెలి కాసు కన్నా గ్రామున్నర తక్కువ. కాసుల పేరు చేయించాలని చూడకండి, పూస గుచ్చడానికి కన్నం పెట్టారో ధర సగం పోయినట్టే.

బంగారు ఫ్రేనెలీలు మొత్తం మీద దాదాపు 5 కోట్ల 86 లక్షలు కొట్టారు. కాబట్టి చాలావాటికి బంగారం ధర మీద కాస్త ఎక్కువే తప్ప పురాతన ధర రాదు. 1935 అని ఉండి, ఆ ఏడాది పక్కన "ఎల్" అక్షరం ఉన్నవి నిజానికి 1945, 47 మధ్య కొట్టినవి, రెండు కోట్లు. పుట్టిన తేదీ సర్టిఫికెట్‌లో ఒకటి, నిజంగా ఒకటి. మనకి కొత్తేం కాదు. 1926 నాటివి 50 వేలే, అది మాత్రం వేరు. 1925లో 100 ఫ్రాంకుల బంగారు నాణెం ఒకటి కొట్టారు, 32 గ్రాములకు పైగా బరువు, కేవలం 5 వేలు. నేను దాన్ని గాజు పెట్టెలో మాత్రమే చూశాను.

నోట్ల గురించి రెండు ముక్కలు. 1907లో నేషనల్ బ్యాంకు పని మొదలుపెట్టేదాకా ఇక్కడ 36 బ్యాంకులు ఎవరి నోట్లు వాళ్ళు అచ్చేసేవి. తర్వాత ఫెర్డినాండ్ హోడ్లర్ లాంటి పెద్ద చిత్రకారుడితో నోట్లు గీయించారు. 50 ఫ్రాంకుల మీద చెట్టు నరికేవాడు, 100 మీద కోత కోసేవాడు. మీకు పనికొచ్చే సంగతి మాత్రం ఇది. 1976 నుంచి వచ్చిన ఆరో వరస నోట్లు, 10 ఫ్రాంకుల మీద గణిత శాస్త్రవేత్త ఆయిలర్ ఉన్నవి, కొట్లలో చెల్లవు. కానీ నేషనల్ బ్యాంకు వాటికి పూర్తి డబ్బు ఇస్తుంది, గడువు లేదు. అంతకు ముందు ఇరవై ఏళ్ళ గడువుండేది, 2020 జనవరి 1 నుంచి తీసేశారు. అయిదో వరసకి గడువు 2000లోనే అయిపోయింది. కాబట్టి పాత పుస్తకంలో 1000 ఫ్రాంకుల నోటు దొరికితే ముందు ఏ వరసో చూసి తర్వాత గంతులెయ్యండి.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: 5 రాపెన్ తీసేస్తారని విన్నాం, నిజమేనా?)

తీసేద్దామని ప్రభుత్వం ఒకసారి అనుకుంది. కొట్టే ఖర్చు దాని విలువని మించిపోతోందని. జనం ఒప్పుకోలేదు, 2006లో ఆ ఆలోచన వదిలేశారు. 1981 నుంచి అది బంగారు రంగులో ఉంటుంది, రాగిలో కాస్త అల్యూమినియం కలిపారు. 1 రాపెన్ అంత అదృష్టం చేసుకోలేదు, 2007 జనవరి 1తో పోయింది. రెండు రాపెన్ అంతకు ముందే 1978లో పోయింది.

(ఇంకొకరు: మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు ఒక వెండి ఫ్రాంక్ కొని హైదరాబాద్ పట్టుకెళ్ళారు. షాపువాడు 100 ఫ్రాంకులు తీసుకున్నాడట. ఎక్కువా అక్కయ్యా?)

ఏడాది ఎంతమ్మా? 1965? ... అత్తగారికి చెప్పకండి. (నవ్వులు)

(ఒక బాబు: ఆంటీ, నా దగ్గర 1968 ఫ్రాంక్ ఉంది. వెండేనా?)

అడుగున బెర్న్ గుర్తు, "బి" అనే అక్షరం ఉందా? లేదా? అయితే లండన్ నుంచి వచ్చిన పిల్ల అది, రాగి-నికెల్. అయినా ఇటు రా. త్రాసు ఇక్కడే పెట్టాను. చూశావా, 4.4. అది కొట్లో చెల్లుతుంది, వెళ్ళి ఐస్‌క్రీమ్‌కి వాడుకో. మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరుగా రండి, ఎవరి నాణెం వాళ్ళే త్రాసు మీద పెట్టుకోండి. చింతపండు మాత్రం నేను తీసుకురాలేదు.